ఉదాహరణ తరువాతి అడుగు: విద్యార్థి వ్యాసంలో దృష్టాంతం, ఉపనయం – దివిసీమ ఉప్పెన ఆధారంగా పరిశీలన

ఉపోద్ఘాతం

విద్యార్థి ఏ భాషలో వ్యాసం రాయాలన్న విషయం మీద తెలుగునాట జరిగినంత చర్చ, ఆ వ్యాసంలో చెప్పిన మాటకు ఆధారం ఎలా చూపాలన్న విషయం మీద జరగలేదు. 1911 ప్రాంతంలో మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో దేశభాషలలో వ్యాసరచన పరీక్షాంశం కావడంతో గ్రాంథిక, వ్యావహారిక వివాదం రాజుకుంది. గిడుగు రామమూర్తి వాదాలు, జయంతి రామయ్య పంతులు ప్రతివాదాలు, 1914లో వెలువడిన గురజాడ అప్పారావు అసమ్మతి పత్రం మన సాహిత్య చరిత్రలో భాషోద్యమ ఘట్టాలుగా నిలిచిపోయాయి. వాటి వెనుక ఉన్నది పరీక్ష గదిలో కూర్చున్న విద్యార్థి వచనమన్న సంగతి మనం తరచు మరిచిపోతాం. ఆ వివాదం తేలిపోయింది. నేటి విద్యార్థి వ్యావహారికంలోనే రాస్తున్నాడు. అయితే ఆ వ్యావహారికంలో అతడు చెబుతున్న మాటలు ఎక్కడివి, వాటికి అతడు చూపుతున్న సాక్ష్యం ఏమిటి అన్న ప్రశ్న మిగిలే ఉంది.

విద్యార్థులు ఉదాహరణలు ఇవ్వడం లేదన్న ఫిర్యాదు అధ్యాపకుల మధ్య తరచు వినిపిస్తుంది. జవాబుపత్రాలు ఈ ఫిర్యాదును పూర్తిగా సమర్థించవు. 'ఉదాహరణకు' అన్న మాట వాటిలో కొరతగా ఏమీ ఉండదు. కొరతగా ఉన్నది ఆ మాట తరువాత వేయవలసిన అడుగు. మన తార్కికులు దానికి ఉపనయం అని పేరు పెట్టారు. ఆ అడుగు ఏమిటో, అది లేనప్పుడు వ్యాసం ఎలా కుంటుపడుతుందో, కృష్ణా జిల్లా నాగాయలంక మండలాన్నీ, దానిని తుడిచిపెట్టిన 1977 నాటి ఉప్పెననూ ఆధారం చేసుకుని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నమూనా వ్యాసఖండిక

'ప్రకృతి వైపరీత్యాలు' పాఠశాల తరగతుల నుంచి పోటీ పరీక్షల దాకా తిరిగి తిరిగి వచ్చే వ్యాసాంశం. దీనికి విద్యార్థులు సాధారణంగా రాసే సమాధానం తీరు తెలియడానికి ఈ కింది ఖండికను నమూనాగా కూర్చడమైంది.

'ప్రకృతి కన్నతల్లి వంటిది. అది ఆగ్రహిస్తే మానవుడు నిస్సహాయుడు. ఉదాహరణకు 1999 ఒడిశా తుఫాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ, 2014 హుద్‌హుద్ తుఫాను అపారమైన ప్రాణనష్టం, ఆస్తినష్టం కలిగించాయి. చెట్లను విచక్షణారహితంగా నరకడం వల్లనే ఇటువంటి విపత్తులు సంభవిస్తున్నాయి. చెట్టును మనం కాపాడితే అది మనల్ని కాపాడుతుందని పెద్దలు అన్నారు. కాబట్టి ప్రతి ఒక్కరూ మొక్కలు నాటాలి.'

ఈ ఖండికలో భాషాదోషం లేదు. నాలుగు ఉదాహరణలు ఉన్నాయి, నాలుగింటికీ సంవత్సరాలు సరిగానే ఉన్నాయి. మూల్యాంకన సూచికను ముందు పెట్టుకుని దిద్దితే మంచి మార్కులే వస్తాయి. అయినా ఇందులో ఒక్క వాక్యం కూడా మరొక వాక్యాన్ని నిలబెట్టడం లేదు. గుజరాత్ భూకంపానికీ చెట్లు నరకడానికీ సంబంధం లేదు. సునామీ సముద్రగర్భంలోని భూకంపం వల్ల పుట్టింది, దానికీ లేదు. హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేసినమాట నిజమే గాని, 1999తో పోలిస్తే ప్రాణనష్టం ఎంతో తక్కువ. ముందుగా లక్షలాది మందిని తరలించడం అందుకు ఒక ముఖ్య కారణం. అంటే విద్యార్థి తన నాలుగు ఉదాహరణలలో ఏ ఒక్కదాన్ని కాస్త దగ్గరగా చూసినా, అది తన ప్రతిపాదనకు అడ్డు తిరిగేది. దగ్గరగా చూడనవసరం లేకుండా చేసింది ఆ జాబితాయే. నాలుగు పేర్లు వరుసగా పేర్చినప్పుడు ఏ పేరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ ఖండికను నాగాయలంకలో చదువుకునే విద్యార్థి రాశాడనుకుందాం. అలా అనుకున్నప్పుడు మరొక విషయం కంటికి తగులుతుంది. జాబితాలో 1977 లేదు.

వంటశాల ఎందుకు?

పరార్థానుమానానికి న్యాయశాస్త్రం అయిదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం, ఉపనయం, నిగమనం. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం ద్వారా ఈ అయిదింటినీ శాస్త్రారంభంలోనే నేర్చుకోవడం మన పాఠశాలల సంప్రదాయం. అందరికీ తెలిసిన ప్రయోగమే తీసుకుందాం. కొండ మీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ. పొగ ఉంది కనుక అన్నది హేతువు. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది, వంటశాలలో చూస్తున్నాం కదా అన్నది ఉదాహరణం. ఈ కొండ కూడా అటువంటి పొగ కలదే అన్నది ఉపనయం. కనుక నిప్పు ఉంది అన్నది నిగమనం.

ఇక్కడ గమనించవలసినవి రెండు. మొదటిది, ఉదాహరణవాక్యంలో వంటశాల ఒక్కటే లేదు. 'పొగ ఉన్న చోటల్లా నిప్పు' అన్న వ్యాప్తి దానితో కలిసి ఉంది. వ్యాప్తి లేని వంటశాల ఒక గది మాత్రమే. రెండవది, ఎన్నో చోట్లు ఉండగా తార్కికుడు వంటశాలనే ఎందుకు ఎన్నుకున్నాడన్న ప్రశ్న. న్యాయసూత్రాలు దృష్టాంతానికి ఇచ్చిన నిర్వచనంలో దీనికి జవాబు ఉంది. లోకజ్ఞానం మాత్రమే ఉన్నవాడికీ, శాస్త్రపరీక్ష చేసేవాడికీ ఏ విషయంలో బుద్ధి సమానంగా ఉంటుందో అది దృష్టాంతం. కొండ మీద వివాదం ఉంది, వంటింట్లో లేదు. వాది, ప్రతివాది ఇద్దరూ అన్నం తిన్నవారే. వివాదం లేని చోట ఇద్దరూ ఒకసారి నిలబడి, అక్కడ చూసినదాన్ని తీసుకుని వివాదం ఉన్న చోటికి తిరిగి వస్తారు. ఆ తిరిగి రావడమే ఉపనయం. (వడుగుకు వాడే ఉపనయనం అన్న మాటలోనూ దగ్గరకు తీసుకురావడం అన్న అర్థమే ఉంది.)

నమూనా ఖండికను ఈ చట్రంలో పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ప్రతిజ్ఞ ఉంది, నిగమనం ఉంది. ఉదాహరణస్థానంలో పేర్లు ఉన్నాయి గాని వాటిని కట్టి ఉంచే వ్యాప్తి లేదు, ఉపనయం అసలే లేదు. పైగా 'పెద్దలు అన్నారు' అన్న వాక్యం ఉదాహరణగా చలామణి అవుతోంది. శాస్త్రదృష్టిలో అది శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. గాంధీ మాట గాని, వివేకానందుడి మాట గాని ఒక అభిప్రాయానికి గౌరవం తెస్తుందేమో గాని, ఆ అభిప్రాయం లోకంలో ఎక్కడ నిజమైందో చూపదు. మన వ్యాసరచనా బోధన ఈ రెండింటినీ ఒకే గంపలో వేసింది. సూక్తి రాసినా, సంఘటన రాసినా మూల్యాంకకుడి ఎర్రసిరా గీత ఒకే విధంగా పడుతుంది.

అలంకారశాస్త్రం కూడా ఈ గందరగోళానికి కొంత కారణమనిపిస్తుంది. అర్థాంతరన్యాసం పదో తరగతి స్థాయిలోనే విద్యార్థికి పరిచయం అవుతుంది. విశేషాన్ని సామాన్యంతో గాని, సామాన్యాన్ని విశేషంతో గాని సమర్థించడం దాని లక్షణం. హనుమంతుడు సముద్రం దాటాడు, మహాత్ములకు అసాధ్యం లేదు కదా అన్నది తరగతి గదిలో నలిగిన లక్ష్యం. కావ్యంలో ఇది అందమైన సమర్థనే. వ్యాసంలో ఇదే పద్ధతి పాటిస్తే అది సమర్థనలా వినిపిస్తుంది గాని సమర్థన కాదు. దానానికి కర్ణుడు, సత్యానికి హరిశ్చంద్రుడు, పట్టుదలకు భగీరథుడు అని రాసే విద్యార్థి వ్యాసంలో అర్థాంతరన్యాసం ప్రయోగిస్తున్నాడు. అతడికి మనం నేర్పిన సమర్థన అదొక్కటే కనుక అతడిని తప్పు పట్టలేం.

ఉప్పెన అన్న మాట

1977 నవంబరు 19న దివిసీమకు జరిగినదాన్ని ప్రభుత్వ పత్రాలు తుఫాను అంటాయి. దివిసీమ దాన్ని ఉప్పెన అంటుంది. విద్యార్థి వ్యాసానికి దొరికే మొదటి సాక్ష్యం ఈ ఒక్క మాటలోనే ఉంది. తుఫాను అంటే గాలి, వాన. ఉప్పెన అంటే సముద్రం పొంగి నేల మీదికి రావడం. ఆ రోజు దివిసీమలో జనాన్ని ప్రధానంగా చంపింది గాలి కాదు, ఉప్పునీరు. తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల ప్రాంతంలో. మరి అంతకంటె తూర్పున ఉన్న దివిసీమ ఎందుకు మునిగింది? ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. దివిసీమ ఆ కుడిపక్కన ఉంది. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి ఏర్పరచిన లోతట్టు నేల అది. దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చిన నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకుపోయింది. నాగాయలంక మండలంలోని సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా ఉన్నారు.

ఊళ్ల పేర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. నాగాయలంకలో లంక ఉంది, పాలకాయతిప్పలో తిప్ప ఉంది, హంసలదీవిలో దీవి ఉంది, సీమ పేరులోనే దివి ఉంది. ఇవన్నీ నీటి మధ్య తేలిన నేలకు తెలుగువారు పెట్టుకున్న పేర్లు. లోతట్టు తీరం అన్న పాఠ్యపుస్తకపు మాటను నాగాయలంక విద్యార్థి తన ఊరి పేరుతోనే వివరించగలడు.

ఇంతవరకు చెప్పినది ఉదాహరణ మాత్రమే. దీనినుంచి 'మానవుడు నిస్సహాయుడు' అన్న నిగమనానికి నేరుగా దూకడం సులభం. 1977ను ఒంటరిగా చూస్తే ఆ మాట నిజమనే అనిపిస్తుంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనను జతచేస్తే ఇంకా బలపడినట్టు కనిపిస్తుంది. అప్పుడు చనిపోయినవారు సుమారు 30,000 మంది అని చెబుతారు. ఒకే జాతి ఉదాహరణలు రెండు చేరినంత మాత్రాన వాదం రెట్టింపు కాదు. తార్కికులు వ్యతిరేక దృష్టాంతం అడిగేది ఇటువంటి సందర్భంలోనే. నిప్పు లేని చోట పొగ ఉండదని చెప్పడానికి వారు చెరువును చూపారు. దివిసీమకు ఆ చెరువు 1990లో ఉంది.

1990 మే 9న మరొక తీవ్రమైన తుఫాను కృష్ణ ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. తీరం అదే, లంకలు అవే, ఇళ్లు కూడా చాలావరకు అటువంటివే. మృతుల సంఖ్య వేయికి లోపు. మధ్యకాలంలో తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది, తుఫానుకు ముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టిన విద్యార్థి ఇక 'నిస్సహాయుడు' అని రాయలేడు. ప్రకృతి వైపరీత్యంలో ఎంత భాగం ప్రకృతిది, ఎంత భాగం మన అజాగ్రత్తది అన్న ప్రశ్న అతడి వ్యాసంలోకి తానై వస్తుంది. ప్రతిజ్ఞను మార్చుకునేలా చేయగలగడమే మంచి ఉదాహరణ బలం. ముందే తేల్చుకున్న మాటకు తగిలించిన ఉదాహరణకు ఆ బలం ఉండదు.

ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. రెండు తుఫానుల ఉప్పెనలు ఒకే ఎత్తున రాలేదు, 1977 నాటిది పెద్దది. కనుక మృతుల సంఖ్యలోని తేడా మొత్తాన్ని హెచ్చరిక ఖాతాలో వేయడం అతివ్యాప్తి. 'హెచ్చరిక, తరలింపు మరణాలను బాగా తగ్గించగలవు' అన్నంత వరకే ఈ జంట మోయగలదు. ఉదాహరణ ఎంత బరువు మోస్తుందో చెప్పడం కూడా ఉపనయంలో భాగమే.

నమూనా ఖండికలోని చెట్ల వాక్యానికి కూడా దివిసీమలో మెరుగైన రూపం ఉంది. చెట్లు నరకడం వల్ల తుఫానులు పుట్టవు. కాని నాగాయలంక దిగువన నదీముఖంలో ఉన్న మడ అడవుల వంటివి ఉప్పెన ఉధృతిని కొంత తగ్గిస్తాయి. ఇది ఊహ కాదు. 1999 ఒడిశా తుఫానులో కేంద్రాపడా జిల్లా గ్రామాలను పరిశీలించి సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించిన అధ్యయనం, తీరానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పు ఎక్కువగా ఉన్న గ్రామాలలో మరణాలు తక్కువని తేల్చింది. అదే అధ్యయనం ప్రభుత్వం ఇచ్చిన ముందస్తు హెచ్చరిక మడ అడవులకంటె ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా చెప్పింది. నమూనా ఖండికలో వట్టి పేరుగా మిగిలిన 1999 తుఫాను ఇక్కడ పనిచేసే ఉదాహరణ అయింది. 'ప్రతి ఒక్కరూ మొక్కలు నాటాలి' అన్న ముగింపు స్థానంలో, ఏ మొక్క, ఎక్కడ, దేనికి, దానితోపాటు ఇంకేమి కావాలి అన్న ప్రశ్నలు వచ్చాయి.

ఆక్వా సాగు మీద రాసే వ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది. దివిసీమలో వరిచేలు రొయ్యల చెరువులుగా మారడం విద్యార్థి కళ్ల ముందున్న విషయం. లాభపడిన ఒక చెరువును చూపి నీలివిప్లవాన్ని కీర్తించడం గాని, ఉప్పుదేరిన ఒక చేను చూపి దానిని ఖండించడం గాని ఒంటికాలి నడకే అవుతుంది.

మృతులు అలంకారం కాకూడదు

స్థానిక ఉదాహరణను ప్రోత్సహించేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. సొర్లగొంది గాని, ఎదురుమొండి గాని పుస్తకంలోని ఊళ్లు కావు. ఆ తరగతిలో కూర్చున్నవారిలో కొందరి తాతలు, నాయనమ్మలు ఆ నీటిలో పోయి ఉంటారు. ఆ దుఃఖాన్ని పది మార్కుల సమాధానంలో పెట్టమని అడగడం సమంజసమా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి జవాబు రచనారీతిలో ఉంది. 'శవాల గుట్టలు, హృదయవిదారక దృశ్యాలు, కన్నీటి సంద్రం' వంటి పదబంధాలు ఏ విపత్తుకైనా అతుకుతాయి. అందువల్ల అవి ఏ మృతుడికీ చెందవు. ఆ పదబంధాలు వాడిన విద్యార్థి తన ఊరి మృతులను ఒడిశా మృతులతో, గుజరాత్ మృతులతో కలిపి పేరులేని రాశిగా పోశాడు. నీరు ఎటునుంచి వచ్చిందో, ఎంత ఎత్తున వచ్చిందో, ముందు కబురు ఎందుకు అందలేదో, తరువాత ఏ కట్టడం వచ్చిందో రాసినవాడు వారి మరణానికి కారణం అడుగుతున్నాడు. నిర్దిష్టత ఇక్కడ శైలీగుణంతోపాటు మర్యాద కూడా.

సిద్ధాంత గ్రంథాల సంగతి

ఈ లోపం డిగ్రీ విద్యార్థి దగ్గర ఆగి ఉంటే దీనిని బోధనాసమస్యగా వదిలేయవచ్చు. పరిశోధన స్థాయికి వచ్చేసరికి రూపం మారుతుందే గాని లోపం మారదు. 'ఈ కవి సామాజిక స్పృహ కలవాడు' అని ఒక వాక్యం, దాని కింద నాలుగు పాదాల పద్యం, దాని కింద 'అని కవి హృద్యంగా వర్ణించాడు' అని మరొక వాక్యం, తరువాత కొత్త శీర్షిక. మన సిద్ధాంత గ్రంథాలలో ఇటువంటి పుటలు పరిశోధకులకు కొత్త కావు. ఆ పద్యంలో ఏ పదం, ఏ క్రియ, ఏ మౌనం ఆ స్పృహను చూపుతోందో చెప్పనంతవరకు పద్యం అక్కడ బందీగా ఉంటుంది. పద్యం తీసేసి అదే కవిది మరొకటి పెట్టినా పుట మారకపోతే, అది ఉదాహరణ కాదని తేల్చుకోవచ్చు. నమూనా ఖండికలో గుజరాత్ భూకంపం తీసి లాతూరు భూకంపం పెట్టినా ఏమీ మారదు. ఈ పరీక్ష రెండు చోట్లా ఒకేలా పనిచేస్తుంది. పర్యవేక్షకులు ఒక అధ్యాయం మీద దీన్ని ప్రయోగించి చూడవచ్చు.

మూల్యాంకకుడికి తెలియని ఊరు

ఇక మిగిలినది అసలైన సైద్ధాంతిక ఆక్షేపణ. దృష్టాంతం ఇద్దరికీ బుద్ధి సమానంగా ఉన్న చోటు కావాలన్నారు. వంటశాల అందరిదీ. సొర్లగొంది అందరిదీ కాదు. నాగాయలంక విద్యార్థి జవాబుపత్రాన్ని అనంతపురంలోనో, శ్రీకాకుళంలోనో ఒక అధ్యాపకుడు దిద్దుతాడు. అతడు ఆ ఊరి పేరు విని ఉండకపోవచ్చు. విద్యార్థులు గుజరాత్ భూకంపాన్ని, సునామీని ఎంచుకోవడానికి ఇదొక కారణం. అవి అందరికీ తెలిసినవి, అంటే ఒక విధంగా వారు దృష్టాంత లక్షణాన్నే పాటిస్తున్నారు. గ్రూప్-1 మెయిన్స్‌లో వ్యాసానికి ప్రత్యేక పత్రం రాసే అభ్యర్థి కూడా ఇదే లెక్క వేసుకుంటాడు. ఊరి పేరు రాస్తే స్థాయి తగ్గుతుందన్న భయం దానికి తోడవుతుంది.

ఈ లెక్కలో ఒక పొరపాటు ఉంది. పేరు తెలిసినంత మాత్రాన బుద్ధిసామ్యం రాదు. హుద్‌హుద్ పేరు తెలిసిన మూల్యాంకకుడికీ, ఆ పేరు రాసిన విద్యార్థికీ దాని గురించి ఉమ్మడిగా తెలిసినది పేరొక్కటే కావచ్చు. తెలియని ఊరినైనా రెండు మాటల్లో కళ్లకు కట్టిస్తే, వాక్యం పూర్తయ్యేసరికి అది ఇద్దరికీ తెలిసిన చోటు అవుతుంది. బుద్ధిసామ్యం ముందే లేని చోట దాన్ని రచన కల్పించాలి. వంటశాలకు వర్ణన అక్కరలేదు, లంకకు కావాలి.

ప్రశ్నపత్రం కూర్చేవారు కూడా ఇందులో కొంత చేయగలరు. 'ప్రకృతి వైపరీత్యాలు – వ్యాసం రాయండి' అన్న ప్రశ్న గైడు పుస్తకానికి ఆహ్వానం. 'మీ జిల్లాలో సంభవించిన ఒక విపత్తును తీసుకుని, అందులో నివారించదగిన నష్టం ఎంతో చర్చించండి' అన్న ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. అనంతపురం విద్యార్థి కరువు గురించి రాస్తాడు, నాగాయలంక విద్యార్థి ఉప్పెన గురించి రాస్తాడు. మూల్యాంకన సూచికలో ఉదాహరణకు ఇచ్చే మార్కులను రెండుగా విడదీసి, సగం ఉదాహరణకూ, సగం దానిని ప్రతిపాదనకు ముడిపెట్టిన వాక్యానికీ కేటాయించవచ్చు. ఆ రెండో సగానికి అర్హమైన వాక్యం ఇలా ఉండవచ్చు: 'మా మండలంలోని సొర్లగొంది సముద్రానికి దగ్గరగా, నీటిమట్టానికి కొంచెమే ఎత్తున ఉన్న ఊరు. 1977లో ఉప్పెన వచ్చేసరికి అక్కడ జనం ఇళ్లలోనే ఉన్నారు. 1990లో తుఫాను వచ్చేసరికి ఈ తీరంలో చాలామంది ఇళ్లు విడిచి వెళ్లి ఉన్నారు. నేను పోల్చదలచినది ఈ తేడాను.'